బుట్టలో పాముకి కేసు, గోడ మీది పులికి సర్టిఫికెట్

వాడ చివరి మాట – 23



మా స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఊరు మాత్రం ఆమదాలవలస. రైల్వే లెక్కల్లో దాని కోడు ఇప్పటికీ సీహెచ్ఈ. తెల్లదొరలు పలికిన చికాకోల్ ఆ మూడు అక్షరాల్లో ఇంకా బతికే ఉంది. ఊరి పేరులో ఉన్న వలసని బోర్డు మింగేసింది గానీ, ఆ ప్లాట్‌ఫారం మీద ఏ రోజు నిలబడినా కనపడేది వలసే. హైదరాబాద్ పోయే మేస్త్రీలు, విజయవాడ పోయే కూలీలు, చెన్నై పోయే కుర్రాళ్ళు, బస్తాలు, బకెట్లు, నిద్రలో జారిపోతున్న పిల్లలు.

పోయిన నెల అక్కడే పలాస బండి కోసం కూర్చున్న ఒక పెద్దాయన పక్కన చోటు దొరికింది. ఆయన కాళ్ళ దగ్గర గోనెసంచి. దాని నిండా ఆడవాళ్ళు తల దువ్వుకుంటే రాలిన జుట్టు. ఊరూరా తిరిగి ఆ జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలు ఇస్తాడట. మాటల్లో తెలిసింది, ఆయన పాములోడు.

"మరి పాములేవి తాతా?" అన్నాను.

"పావులేటి బాబూ, పేరే మిగిలింది. బుట్ట ఒగ్గేసి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది."

ఏదో పెద్ద జంక్షన్‌లో బుట్టలతో సహా పట్టుకున్నారట. ఆ జంక్షన్ పేరు ఆయన చెప్పాడు, నేను రాయను. నాలుగు పాములు పోయాయి. మూడు రోజులు కూర్చోబెట్టారు. చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి బయటపడ్డాడు. అదంతా చెప్పి, బండి వస్తోందని లేస్తూ ఒక మాటన్నాడు.

"పావుల్ని అడివిలో ఒగ్గేసినారంట. మంచిదే. నన్నెక్కడ ఒగ్గీయాలో ఆళ్ళకి తెలీనేదు."

ఈ భాగం ఆ ఒక్క మాట గురించే.

*

ముందు ప్రయాణం సంగతి. ప్యాసింజరు బండిలో పాముల్ని పెట్టుకుని పలాస నుంచి విజయనగరం, అక్కణ్ణించి ఒడిశా దాకా ఎలా తిరిగేవాళ్ళని అడిగితే ఆయన చెప్పింది విని నాకు మతిపోయింది.

వెదురుబుట్ట లోపలంతా పేడతో అలికి ఎండబెట్టాలి. అప్పుడు గాలి ఆడుతుంది, సందుల్లోంచి పాము తల దూర్చదు. బయల్దేరే ముందు రెండు మూడు రోజులు మేత పెట్టకూడదు. కడుపులో కప్పో ఎలకో ఉండగా కుదుపు తగిలితే కక్కేస్తుంది, ఆ నీరసానికి చచ్చినా చస్తుంది. పాము ఒంట్లో సొంత వేడి ఉండదు, చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్ళూ అంతే. మే నెలలో రైలు కిటికీ పక్కన ఎండ తగిలేలా పెడితే ఇక అంతే. అందుకే బుట్ట బెంచీ కింద, దాని మీద తడి గుడ్డ. ఆకలికి వారాల తరబడి ఆగుతుంది గానీ దప్పికకి అంతకాలం ఆగదు. చీకట్లో ఉంచితే బెదరదు.

ఇంటికొచ్చి, విదేశీ పాముల్ని పెంచుకునే వాళ్ళు ఇల్లు మారేటప్పుడు ఏం చేస్తారో చదివాను. గుడ్డ సంచి, గాలి కన్నాలున్న డబ్బా, ముందు కొన్ని రోజులు మేత బంద్, వేడి తగలకుండా జాగ్రత్త, చీకటి. అక్షరం పొల్లుపోకుండా అదే. ఈ తెలివి ఇంగ్లిష్‌లో వీడియో చేస్తే అభిరుచి. ప్యాసింజరు బండిలో బెంచీ కింద ఉంటే నేరం.

*

ఇక్కడ కొందరు మిత్రులు ఆగమంటారు. పాముని బుట్టలో పెట్టి ఆడించడం హింస కదా అంటారు.

అవును, హింసే. దాచాల్సిన పని లేదు. కోరలు పీకుతారు. పీకిన చోట పుండు పడుతుంది. కోరలు మళ్ళీ మొలుస్తాయని కొందరు మూతి కుడతారు. నాగస్వరం పాముకి మనకి వినపడినట్టు వినపడదు, దానికి బయటికి చెవుల్లేవు. ఊదేవాడి చేతుల కదలిక చూసి, బెదిరి పడగ ఎత్తుతుంది. మనం దాన్ని నాట్యం అంటాం. కార్తీకంలో నాగులచవితికి పుట్టల్లో పాలు పోస్తారు. పాము మేత పాలు కాదు. నీళ్ళు లేక దప్పికతో ఉన్న పాము మాత్రమే ఏది ముందు పెడితే అది తాగుతుంది.

కాబట్టి బుట్ట మళ్ళీ ఇవ్వండని నేను అడగడం లేదు. పాములాడించడం మా సంస్కృతి, కళ, వారసత్వం అని దండలు వేసే వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. పుట్టకముందే మనిషి చేతిలో ఒక పని పెట్టేసేది కులం. అంబేద్కర్ 1936లో కుల నిర్మూలన రాసినప్పుడు గుచ్చి చెప్పిన సంగతుల్లో ఇదొకటి. పాములోడి కొడుకు పాములోడే కావాలని ఏ దళితుడూ కోరుకోకూడదు.

నా పేచీ వేరే చోట ఉంది. ఒక చట్టం ఒక పనిని ఆపేసినప్పుడు ఆ పనిలో ఉన్న మనుషుల్ని ఏం చేసింది? అదే చట్టం అదే తప్పు చేసిన పెద్దవాళ్ళని ఏం చేసింది? రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

*

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేటే. అంటే పుట్ట దగ్గర చెయ్యి పెట్టిన క్షణం నుంచి పాములోడు వేటగాడు. 2022లో చట్టాన్ని సవరించాక నాగుపాము మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది, పులి ఉన్న జాబితాలోకి. ఆ జాబితాలోని జంతువు విషయంలో నేరం రుజువైతే మూడేళ్ళకి తగ్గని జైలు, ఏడేళ్ళ దాకా పోవచ్చు. పాతికవేలకి తగ్గని జరిమానా. అనుమతి కాగితం చూడకుండా వన్యప్రాణిని రవాణాకి ఎవరూ తీసుకోకూడదని 48ఏ సెక్షన్ చెబుతుంది.

సరే. కఠినమైన చట్టం. అయితే ఇదే చట్టంలో క్షమాపణలు కూడా ఉన్నాయి. ఎవరికో చూడండి.

మొదటి క్షమాపణ 1972లోనే. 40వ సెక్షన్. మీ దగ్గర ఉన్న జంతువుల్నీ, చర్మాల్నీ, తలల్నీ ముప్పై రోజుల్లో ప్రకటించండి అంది. ప్రకటించిన వాళ్ళకి యాజమాన్య సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు పెట్టింది. మన జమీందారీ బంగళాల్లో గోడలకి వేలాడే పులి తలలు, నేల మీద పరిచిన చిరుత చర్మాలు అలా చట్టబద్ధం అయ్యే దారి దొరికింది. చంపినవాడికి సర్టిఫికెట్.

రెండో క్షమాపణ 2003లో. 40ఏ సెక్షన్ చేర్చి, ఇదివరకు ప్రకటించని వాళ్ళు 180 రోజుల్లో ప్రకటించుకోవచ్చు, మీ మీద చర్య ఉండదు అన్నారు.

కాగితం మీద ఈ రెండు అవకాశాలూ పాములోళ్ళకి మూసెయ్యలేదు. అక్కడే ఉంది కిటుకు. ముప్పై రోజుల్లో నాలుగు ఊళ్ళు మారే మనిషికి, అక్షరం రాని మనిషికి, ఖాకీ బట్ట కనపడితే దారి మార్చే మనిషికి, గెజిట్‌లో అచ్చయిన ప్రకటన ఎవరు చదివి వినిపించారు? ఏ ఆఫీసు గుమ్మం ఎక్కి ఏ భాషలో చెప్పుకోవాలి? బంగళా ఉన్నవాడికి గుమస్తా ఉన్నాడు, వకీలు ఉన్నాడు. గుడారం ఉన్నవాడికి వీధికుక్కలు తప్ప ఎవరూ లేరు.

మూడో క్షమాపణ 2020 జూన్‌లో. ఇది మనందరి కళ్ళ ముందు జరిగింది. కరోనాకి వలస కూలీలు రోడ్ల మీద నడిచి నడిచి చచ్చిన ఆ ఎండాకాలం దాటీ దాటగానే, కేంద్ర పర్యావరణ శాఖ ఒక పథకం తెచ్చింది. విదేశీ జంతువుల్ని పెంచుకునే వాళ్ళు ఆరు నెలల్లోగా తమంతట తాము ప్రకటిస్తే చాలు, ఎక్కడ కొన్నావు, ఏ కాగితంతో తెచ్చావు అని అడగం అంది. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ ఉంది. రంగుని బట్టి వేల నుంచి లక్షల దాకా పలుకుతుంది. అలాంటివి ఇళ్ళలో ఉన్నవాళ్ళంతా ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్‌లో నింపి, చట్టబద్ధమైపోయారు. తర్వాత 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. పరివేష్ అనే పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, యజమాని మారినా పిల్లలు పెట్టినా తెలియజెయ్యాలి. మంచిదే, లెక్క ఉండాలి. కానీ ఈ పథకంలో మన దేశపు పాములకి చోటు లేదు. అంటే నాగుపాముతో బతికినవాడికి ఆ తలుపు కట్టేటప్పుడే గోడ కట్టేశారు.

వీళ్ళ పాములు ఈ దేశంలోకి ఎలా వస్తున్నాయో కూడా చూడండి. 2023 జులైలో తిరుచిరాపల్లి విమానాశ్రయంలో మలేసియా నుంచి దిగిన ఒక మనిషి పెట్టెల్లో 47 కొండచిలువలు దొరికాయి. 2022 నవంబర్‌లో టాటానగర్ స్టేషన్‌లో నీలాచల్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక మహిళ దగ్గర పాతికకు పైగా విదేశీ పాములు దొరికాయి. పట్టుబడేది మోసినవాళ్ళు. డబ్బిచ్చి తెప్పించుకునేవాడి ఇంట్లో అద్దాల పెట్టె, దానికో దీపం, పోర్టల్‌లో ఓ నంబరు.

ఇంకొకటి. 2022 సవరణలోనే ఇంకో వెసులుబాటు ఉంది. సర్టిఫికెట్ ఉన్న పెంపుడు ఏనుగుని మతపరమైన అవసరానికి గానీ, మరే ఇతర అవసరానికి గానీ ఒకచోటు నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళొచ్చు. 2024 మార్చిలో దానికి నియమాలు కూడా రాశారు. మరే ఇతర అవసరం అంటే ఏమిటి? ఆ మాటకి హద్దు లేదు. నాలుగు టన్నుల జంతువుని లారీ ఎక్కించి రాష్ట్రాలు దాటించడానికి చట్టం దారి వెతికి పెట్టింది. ఏనుగు గుడి ముందు నిలబడుతుంది, రాజు ముందు నిలబడుతుంది. పాము బుట్ట వీధిలో మోకాళ్ళ మీద కూర్చుంటుంది. చట్టంలో ఎక్కడా కులం అనే మాట లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.

*

ఇప్పుడు మనలోకి చూసుకుందాం. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "అన్నా, పాముల వాళ్ళు ఎస్సీలు కాదు కదా, బీసీ ఏ లో ఉన్నారు. వాళ్ళ గురించి మనం ఎందుకు?"

తమ్ముడూ, జాబితా ప్రభుత్వానిది. 1970లో తయారైన బీసీ జాబితాలో ఏ గ్రూపు అంటేనే సంచార జాతులు, విముక్త జాతులు. 1871లో తెల్లవాడు నేరస్త జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని జాతులకి ముద్ర కొట్టాడు. 1911 నుంచి అది మన మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. 1952లో రద్దయింది. చట్టం పోయినా, సంచిలో ఏముందని అడిగే చూపు పోలేదు. ఆ చూపు ఎవరి మీద పడుతుందో వాళ్ళు మనవాళ్ళే.

పైగా మనమూ తక్కువ తినలేదు. నా చిన్నప్పుడు మా వాడకి పాములోళ్ళు వస్తే మా పెద్దోళ్ళే చెరువు గట్టు దగ్గర ఆపేసేవాళ్ళు. ఊరు మనల్ని ఎక్కడ ఆపిందో, మనం వాళ్ళని అంతకు బారెడు ఇవతల ఆపాం. మాల, మాదిగ, రెల్లి అని మనలో మనం గీసుకున్న గీతలకి బయట ఇంకో గీత. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. అయినా రాయాలి.

*

పాము సంగతి మనకి ఎందుకు పట్టాలో ఇంకో కారణం ఉంది. మా మేనత్త వరి కోతల్లో చనిపోయింది. పనమీద పనలు ఎత్తుతుంటే చేతి మీద రక్తపింజరి కాటేసింది. మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో మందు లేదన్నారు. రెండో చోటికి చేరేసరికి చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. ఆ ఆసుపత్రి పేరు రాయను. రాసినా ఆవిడ రాదు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కవేసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎవరు చస్తున్నారు? చెప్పుల్లేకుండా పొలంలో దిగేవాళ్ళు, నేల మీద పడుకునేవాళ్ళు, చీకట్లో బహిర్భూమికి వెళ్ళేవాళ్ళు. ఆ మూడు పనులూ ఎవరివో మీకు చెప్పక్కర్లేదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్రం 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని కార్యాచరణ ప్రకటించింది.

ఇక్కడే పాములోళ్ళ తెలివికీ మన ప్రాణానికీ ముడి ఉంది. కాటుకి విరుగుడు మందు తయారవ్వాలంటే ముందు విషం కావాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషం గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. దేశంలో ఆ విషంలో పెద్ద వాటా ఎక్కణ్ణించి వస్తోంది? తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరుళ ఆదివాసీల సహకార సంఘం నుంచి. 1970లలో పాము చర్మాల ఎగుమతి ఆగిపోయి, వాటి మీదే బతికిన ఇరుళలు వీధిన పడ్డారు. రోములస్ విటేకర్ లాంటివాళ్ళు వాళ్ళతో నిలబడ్డారు. 1978లో సంఘం పెట్టారు. పామును పట్టి, కొన్ని వారాలు ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, మళ్ళీ అదే పామును పట్టకుండా పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి, అడవిలో వదిలేస్తారు. పాము బతుకుతుంది, పట్టినవాడు బతుకుతాడు, కాటు తిన్నవాడూ బతుకుతాడు. ఆ ఇరుళల్లో మాసి సదైయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికా వెళ్ళి ఫ్లోరిడా చిత్తడుల్లో కొండచిలువల్ని పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

చూశారా? అదే చట్టం. అదే పాము. ప్రాణం కాపాడే మందుకోసం విషం తీయడానికి అనుమతి ఇవ్వొచ్చని అదే 1972 చట్టం 12వ సెక్షన్‌లో రాసి ఉంది. తమిళనాడులో ఆ వాక్యాన్ని చదివినవాళ్ళు ఉన్నారు. మన దగ్గర 51వ సెక్షన్ శిక్షలు మాత్రమే చదివారు.

పాముల విషం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒకే జాతి పాము అయినా ప్రాంతాన్ని బట్టి విషంలో తేడా ఉంటుంది. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు మన నాగావళి గట్ల మీది రక్తపింజరికి ఎంత బాగా పనిచేస్తుందో పరీక్షించుకునే ఏర్పాటు మనకి ఉండాలి కదా. మన జిల్లాల్లోనే ఇలాంటి సంఘం ఒకటి ఉంటే? ఆ పెద్దాయన తడి గుడ్డా, పేడ అలికిన బుట్టా, రెండు రోజుల పస్తూ, ఈ తెలివంతా ఆయనతోనే కాటికి పోకుండా ఉంటే?

*

మన డిమాండ్లు సూటిగా రాస్తున్నాను. కలెక్టరేట్ ముందు ఇవే చదువుదాం.

ఒకటి. పాముల కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఎన్ని, ఎక్కడ ఉన్నాయి అనేది లెక్క తీయాలి. సంచార జాతుల మీద వేసిన ఇదాతే కమిషన్ 2018లో నివేదిక ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం సీడ్ అనే పథకం తెచ్చి ఐదేళ్ళకి 200 కోట్లు అంది. దేశం మొత్తానికి, అన్ని సంచార జాతులకి కలిపి. అది కూడా ఆన్‌లైన్ దరఖాస్తు. కుల సర్టిఫికెట్ లేని మనిషి ఏం నింపుతాడు? ముందు ఆ కాగితం గుడారం దగ్గరికి రావాలి.

రెండు. పాత బుట్ట కేసుల్లో ఉన్నవాళ్ళకి, విదేశీ కొండచిలువల యజమానులకి ఇచ్చినట్టే ఒక్కసారి క్షమాపణ ఇవ్వాలి. పాముల్ని అప్పగిస్తారు. బదులుగా జైలు వద్దు, పని ఇవ్వండి.

మూడు. 12వ సెక్షన్ కింద విష సేకరణ సహకార సంఘం. సంఘం వాళ్ళదే కావాలి. పైన అధికారి, కింద కూలీ అనే పాత పద్ధతి వద్దు.

నాలుగు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు, ఎక్కించడం తెలిసిన మనిషి, పగలూ రాత్రీ ఉండాలి.

ఐదు. భూమి. 2012 జూన్ 12న అప్పటి మా జిల్లాలోని లక్ష్మీపేటలో భూమి కోసం ఐదుగురు దళితుల్ని నరికి చంపారు. భూమి అడిగితే ఏమవుతుందో మాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాం. స్థిరంగా ఉండమని చెప్పేవాళ్ళు ఉండడానికి చోటు చూపించాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి చివర, రైలు గేటు పక్కన, సంత దగ్గర ఎవరు గుడారం వేసుకున్నారో వెళ్ళి కూర్చోండి. ఫోను తీసి వీడియో పెట్టకండి. పేర్లు రాయకండి. రేషన్ కార్డు ఉందా, పిల్లలు బడికి పోతున్నారా, మీద కేసులున్నాయా, ఈ మూడే అడగండి. ఎన్ని కుటుంబాలో లెక్క నాకు చెప్పండి. ప్రభుత్వం చెయ్యని లెక్క మనం మొదలుపెడదాం.

పలాస బండి ఆరోజు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పెద్దాయన ఎక్కేముందు సంచి నాకిచ్చి, రెండు చేతులతో ఊచ పట్టుకుని ఎక్కి, మళ్ళీ సంచి అందుకున్నాడు. ఎవరూ ఏముందని అడగలేదు. ఆయన మాత్రం బెంచీ కింద పెట్టి, అలవాటు పోక, ఎండ తగలకుండా లోపలికి జరిపాడు.

జై భీమ్.

(24వ భాగం: జుట్టు సంచి ఎక్కడికి పోతుంది)